ప్రశ్న రాసే చేతికి

ఖరగ్‌పూర్

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

ఒక ఎంపీ గారి దగ్గర ఏడాదిపాటు సహాయకురాలిగా నీకు అవకాశం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అమ్మమ్మ ఆ సాయంత్రమే బాలాజీ గుడికి వెళ్ళి నీ పేరు మీద అర్చన చేయించింది. ఆ ఎంపీ గారిది ఏ పార్టీ అని నేను అడగలేదు, అడగను కూడా. నేను రాసేది ఎవరి దగ్గర పనిచేసినా పనికొచ్చేదే.

నేను పార్లమెంటులో పనిచేసినవాణ్ణి కాదు. రైల్వే వర్క్‌షాప్‌లో గుమాస్తాగిరీ చేస్తూ, యూనియన్ తరఫున అర్జీలు రాసినవాణ్ణి. వాటిలో కొన్ని ఎంపీల చేతుల మీదుగా సభ దాకా వెళ్ళి, జవాబులతో తిరిగొచ్చేవి. కాబట్టి ఆ సభ నాకు తెలిసింది జవాబు అందుకునేవాడి వైపు నుంచి. నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. గట్టిగా అడగడం కన్నా, తప్పించుకోవడానికి వీల్లేకుండా అడగడం నేర్చుకో. జవాబు వచ్చాక దాన్ని వదలకు.

టీవీలో మనం చూసేది అరుపులు, వెల్‌లోకి దూసుకెళ్ళడం, వాయిదాలు. 2014 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు రోజులు నీకు లీలగా గుర్తుండొచ్చు. 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే. 18న బిల్లు మూజువాణి ఓటుతో గడుస్తుంటే టీవీ ప్రసారమే ఆగిపోయింది. శ్రీకాకుళం నుంచి మన చుట్టాలు ఫోన్ చేసి, ఏం జరిగిందో ఇక్కడున్న మమ్మల్ని అడిగారు. ఆ గొడవ ఈనాటికీ అందరూ చెప్పుకుంటారు. ఆ చట్టం చివర ఉన్న పదమూడో షెడ్యూలు చదివినవాళ్ళెందరు? కొత్త రైల్వే జోన్ గురించి అందులో ఉంది. రైల్వే జోన్ ఇచ్చి తీరాలని చట్టం అనలేదు. ఆరు నెలల్లో పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలని మాత్రమే అంది. దక్షిణ కోస్తా జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది, విశాఖలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. అందరూ పెప్పర్ స్ప్రే చూస్తుంటే ఆ షెడ్యూలు అలాగే గడిచిపోయింది. నీ చూపు షెడ్యూలు మీద ఉండాలి.

ఇక రోజు ఎలా నడుస్తుందో చూడు. వర్కింగ్ టైమ్ టేబుల్ చూడకుండా గార్డు బండెక్కడు, ఆ రోజు కార్యక్రమాల జాబితా చదవకుండా నువ్వు సభకి వెళ్ళకు. లోక్‌సభలో పదకొండింటికి ప్రశ్నోత్తరాలు మొదలవుతాయి. రాజ్యసభలో 2014 నుంచి అది పన్నెండింటికి మారింది. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల తర్వాత మంత్రులు కాగితాలు బల్ల మీద పెడతారు. తర్వాత జీరో అవర్, 377 నిబంధన కింద ప్రస్తావనలు, ఆపైన బిల్లులు. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కానివాళ్ళ, బిల్లులకీ తీర్మానాలకీ. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లుల్లో చట్టాలైనవి 14 మాత్రమే, ఆఖరిది 1970లో. అయినా ఆ బిల్లుల్ని వృథా అనుకోకు. ఇవాళ ఒక సభ్యుడు ఒంటరిగా తెచ్చిన ఆలోచన రేపు ప్రభుత్వ బిల్లుగా రావచ్చు.

ప్రశ్నల సంగతి వివరంగా చెబుతాను, నీ చేతిమీదుగా ఎక్కువ జరిగే పని అదే. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. వాటికి మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అడిగిన సభ్యుడు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఒక సభ్యుడి పేరు మీద రోజుకి ఒకటే స్టార్డ్ ప్రశ్న, అదీ లాటరీలో తగిలితే. ఇరవై ప్రశ్నలకీ ఆ గంట చాలదు. ఇవి కాక 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబులొస్తాయి. టీవీలో కనబడాలనుకునేవాళ్ళు స్టార్డ్ ప్రశ్న కోసమే చూస్తారు. నువ్వు అన్‌స్టార్డ్‌ని చిన్నచూపు చూడకు. సభ గోలలో వాయిదా పడిపోయినా ఆ జవాబులు బల్ల మీదికి వచ్చేస్తాయి. మాకు పనికొచ్చినవన్నీ అవే.

నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మంత్రిత్వ శాఖలకి వారంలో రోజులు పంచి ఉంటాయి, లోక్‌సభలో రైల్వేలది సాధారణంగా బుధవారం. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన, వెటకారం, ఆరోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కోర్టులో ఉన్న విషయం జోలికి పోకూడదు. అచ్చులో దొరికే సమాచారం అడిగితే తిప్పి పంపుతారు. ఈ కట్టుబాట్లు చూసి విసుక్కోకు, ఇవి మన మేలుకే.

మన రైల్వే కాలనీనే తీసుకో. 'ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లు దయనీయ స్థితిలో ఉన్న సంగతి మంత్రికి తెలుసా?' అని రాశావనుకో. 'నిర్వహణ నిరంతర ప్రక్రియ' అని ఒక వాక్యం వస్తుంది, అంతే. దాన్నే ఇలా విడగొట్టు. ఖరగ్‌పూర్ డివిజన్‌లో క్వార్టర్లు ఎన్ని, నివాసానికి పనికిరావని తేల్చినవి ఎన్ని? గత మూడేళ్ళలో మరమ్మతులకి ఏటా కేటాయించింది ఎంత, ఖర్చయింది ఎంత? మిగిలిపోతే కారణమేమిటి? పనికిరావని తేల్చినవాటిలో ఇంకా కాపురాలుంటే వాళ్ళకి చేసిన ఏర్పాటేమిటి? ఇందులో కోపం ఒక్క అక్షరంలో కూడా లేదు. కానీ దీనికి జవాబు తయారుచెయ్యాలంటే ఢిల్లీ నుంచి జోనల్ ఆఫీసుకి, అక్కడి నుంచి డివిజన్‌కి, చివరికి సెక్షన్ ఇంజనీరు బల్ల మీదికి కాగితం రావాలి. ఆ రాక వల్లనే కొన్ని కప్పులకి మరమ్మతు జరిగిపోతుంది. జవాబు సభకి చేరకముందే పని మొదలవడం నేను చూశాను.

సరిగ్గా అడిగిన ప్రశ్న ఎంత దూరం పోగలదో 1957 చెబుతుంది. ఎల్‌ఐసి డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి ఎలా వెళ్ళిందని లోక్‌సభలో ప్రశ్నలు పడ్డాయి. ఆ జవాబుల్లోని లోపాన్ని పట్టుకుని, ప్రభుత్వ పక్షంలోనే ఉన్న ఫిరోజ్ గాంధీ చర్చకి దిగారు. 1.24 కోట్ల రూపాయల వ్యవహారం. ఛాగ్లా విచారణ జరిగింది, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అడిగింది సొంత పార్టీ ప్రభుత్వాన్ని, మామగారే ప్రధానిగా ఉన్న ప్రభుత్వాన్ని అన్నది మరిచిపోకు.

జవాబులో 'ఈ విషయం పరిశీలనలో ఉంది' అని కనబడితే నిట్టూర్చి ఫైలు మూసేస్తారు చాలామంది. నువ్వు అక్కడ ఎర్రసిరాతో గీత పెట్టు. పార్లమెంటు లెక్కలో అది హామీ. మంత్రులు సభలో ఇచ్చిన హామీల మీద కన్నేసి ఉంచడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది, మూడు నెలల్లో హామీ తీర్చాలని దాని నియమం. గడువు దాటితే పొడిగింపు అడగాలి, ఎందుకో చెప్పాలి. నీ ఎంపీ గారికి వచ్చిన ప్రతి జవాబునీ తేదీతో ఒక పుస్తకంలో ఎక్కించుకో. తర్వాతి సమావేశాలకి మూడొంతుల ప్రశ్నలు ఆ పుస్తకంలోంచే పుడతాయి.

లోక్‌సభలో పన్నెండు గంటలకి కాగితాలు బల్ల మీద పెట్టేటప్పుడు సభ్యులు లేచి కాఫీకి వెళ్తారు. నువ్వు వెళ్ళకు. కాగ్ నివేదికలు, చట్టాల కింద చేసిన రూల్స్ ఆ వేళకే వస్తాయి. బెంగాల్లో ఉంటున్న మనలాంటి తెలుగువాళ్ళకి మరో ముఖ్యమైన కాగితం కూడా ఉంది. రాజ్యాంగం 350బి అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ నివేదికలు రెండు సభల ముందూ పెట్టాలి. దాని ముందున్న 350ఎ పిల్లలకి ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు గురించి. రెండూ 1956లో, భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు వచ్చినవే. 2020 చివర్లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చినప్పుడు ఇక్కడ మిఠాయిలు పంచుకున్నాం. తెలుగు బళ్ళలో టీచర్లున్నారా, పుస్తకాలు వస్తున్నాయా అన్నది తేలేది ఇలాంటి నివేదికల్లో. వాటిని చదివి, అంకెలు పట్టుకుని, ప్రశ్న రాసేవాళ్ళు తక్కువ. నువ్వు రాయి.

బిల్లులు చదవడానికి దగ్గర ఉదాహరణ ఒకటి చెబుతాను. 2024 డిసెంబరు 11, బుధవారం, లోక్‌సభ రైల్వేల సవరణ బిల్లుని ఆమోదించింది. 2025 మార్చి 10న రాజ్యసభ కూడా ఆమోదించింది. రైల్వే బోర్డుకి ఆధారమైన 1905 నాటి చట్టాన్ని రద్దుచేసి, బోర్డు సంగతిని 1989 రైల్వేల చట్టంలోకి తెచ్చారు. ప్రైవేటీకరణకి దారి అని ప్రతిపక్షం అంది, కాదని మంత్రి అశ్వినీ వైష్ణవ్ అన్నారు. ఆ వాదనే పేపర్లలో వచ్చింది. నేను మాత్రం బిల్లు తెప్పించుకుని చదివాను. బోర్డు సర్క్యులర్ల కింద బతుకంతా గడిపినవాణ్ణి, చదవక ఎలా ఉంటాను? బోర్డులో సభ్యులెందరు, వాళ్ళ అర్హతలేమిటి, ఎంతకాలం ఉంటారు అన్నవి కేంద్ర ప్రభుత్వమే రూల్స్‌లో నిర్ణయిస్తుందని ఉంది. అంటే అసలు విషయం బిల్లు గడిచిన రోజున సభలో లేదు. రూల్స్‌గా వస్తుంది, ఒక మధ్యాహ్నం బల్ల మీద పెడతారు. ఏ బిల్లు చదివినా ఇలాంటి క్లాజులు వెతుకు. ప్రభుత్వం తర్వాత నిర్ణయిస్తుంది అన్న ప్రతి చోటా ఆగు. చర్చకి ముందే ఎంపీ గారి చేతిలో సవరణ ఉండాలి. ఓడిపోయినా సరే, రికార్డులో ఉంటుంది.

బిల్లు స్టాండింగ్ కమిటీకి వెళ్తే ఇంకా మంచిది. అక్కడ కెమెరా లేదు కాబట్టి పార్టీలు కొంచెం మెత్తబడతాయి, కార్మిక సంఘాలూ నిపుణులూ వచ్చి చెప్పుకోవచ్చు. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీలకి వెళ్ళాయి, 17వ లోక్‌సభలో 16 మాత్రమే. కమిటీకి పంపమని అడిగే ఉత్తరం రాయడం కూడా నీ పనే అనుకో.

ఇక మనుషుల సంగతి. మన ఊళ్ళో గిరి మైదాన్ పేరు వినగానే తెలుగువాళ్ళకి వి.వి. గిరి గారు గుర్తొస్తారు. బరంపురం నుంచి వచ్చి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి, 1928లో ఉద్యోగాల కోతకి వ్యతిరేకంగా సమ్మె నడిపారు. 1934లో కేంద్ర శాసనసభకి వెళ్ళి అక్కడ కార్మికుల గొంతయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేసరికి 1954లో పదవి వదిలేశారు. అంతటి మనిషే 1974 మేలో రైల్వే సమ్మె జరిగినప్పుడు రాష్ట్రపతి. వేలమందిని జైల్లో పెట్టిన ప్రభుత్వం నడిచింది ఆయన పేరు మీదే. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మన మనిషి పైన కూర్చున్నాడు కదా అని కింద పని ఆపకూడదని చెబుతున్నాను.

ఎలా మాట్లాడాలో తెలుసుకోవాలంటే మన మేదినీపూర్ నుంచి 1989 నుంచి 2001లో కన్నుమూసేదాకా ఎంపీగా ఉన్న ఇంద్రజిత్ గుప్తా ప్రసంగాలు సభ రికార్డుల్లోంచి తీసి చదువు. పదకొండుసార్లు లోక్‌సభకి గెలిచారు. 1992లో ఉత్తమ పార్లమెంటేరియన్ గౌరవం అందుకున్నారు. ఆయన వామపక్షం, నీకు నచ్చినా నచ్చకపోయినా విషయం పట్టు చూడు.

చివరి మాట కాస్త కటువుగా చెబుతాను. రాజ్యాంగం 105వ అధికరణం వల్ల సభలో అన్న మాటకి ఎంపీ మీద కోర్టులో దావా పడదు. కాబట్టి అక్కడ ఎవరి పేరైనా ఎత్తితే వాళ్ళకి జవాబు చెప్పుకునే చోటుండదు. నువ్వు రాసిచ్చిన కాగితం మీద ఒక ఉద్యోగి పేరుందంటే, అది నూటికి నూరుపాళ్ళూ నిజమని నీకు తెలిసుండాలి. వాట్సాప్‌లో వచ్చిందనో, ఎవరో అన్నారనో రాయకు. అంకె దగ్గర అనుమానముంటే అంకె తీసెయ్యి. ఎంపీ గారికి కోపమొచ్చినా, ఇది తేలలేదండీ అని చెప్పే ధైర్యం మొదటి వారంలోనే చూపించు. తర్వాత చూపించడం కష్టం.

శీతాకాల సమావేశాలకి మంచి స్వెట్టర్ కొనుక్కో, ఢిల్లీ చలి మన ఊరి చలి లాంటిది కాదు. అన్నం వేళకి తిను. నీ మొదటి ప్రశ్న నోటీసు ఇచ్చే ముందు ముసాయిదా నాకు పంపు. 150 మాటలు దాటితే నేనే కత్తిరిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య