ప్రశ్నలు - జవాబులు: థైరాయిడ్ పరీక్ష, తీరని నీరసము

ప్రశ్న: నా వయస్సు 41. ఉపాధ్యాయినిని. రెండేండ్ల క్రిందట టి.ఎస్.హెచ్. 14 ఉన్నదని 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వ్రాసినారు. మొన్నటి పరీక్షలో 2.4 వచ్చినది, అంతా నార్మలే అన్నారు. కాని నీరసము, జుట్టు రాలుట, కాళ్ళు పీకుట, మతిమరపు ఎప్పటివలెనే ఉన్నవి. ఇంట్లోవారు ఇదంతా నా అనుమానమే అంటున్నారు. మాత్ర మోతాదు నేనే పెంచుకొనవచ్చునా?
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ బాధ అనుమానము కాదు, ఆ మాట ముందుగా మీ ఇంటివారికి వినిపించవలసినదిగా కోరుచున్నాను.

టి.ఎస్.హెచ్. అనునది థైరాయిడ్ నుండి గాక, మెదడు అడుగుననుండు పిట్యూటరీ అను చిన్న గ్రంథి నుండి పుట్టి, థైరాయిడ్‌ను పనికి పురికొల్పు రసము. రక్తమున థైరాక్సిన్ తగ్గినకొలది అది హెచ్చును, థైరాక్సిన్ హెచ్చినకొలది అది తగ్గును. కావున సుమారు 0.4 నుండి 4 వరకు గల హద్దులలోనున్న మీ 2.4 అను అంకె, శరీరమునకు థైరాక్సిన్ సరిపోవుచున్నదని పిట్యూటరీ ఇచ్చిన సాక్ష్యమే గాని, మీ రక్తము పుష్టిగా ఉన్నదనియు, నిద్ర చాలుచున్నదనియు, మనస్సు తేటగా ఉన్నదనియు ఇచ్చిన సాక్ష్యము కాదు. నార్మల్ అనిన వైద్యుని మాటయు నిజమే, బాధ తీరలేదన్న మీ మాటయు నిజమే. మందుతో పరీక్ష సరియైన పిదప కూడ నూటికి అయిదు మొదలు పదిమంది వరకు ఈ విధముగనే బాధపడుచుందురు.

అయితే ఆ అంకెను నమ్ముటకు ముందు ఒక సంగతి విచారింపవలెను. జుట్టు రాలుచున్నదని మీరు బయోటిన్ మాత్రలు వాడుచున్నారా? హెచ్చు మోతాదు బయోటిన్, కొన్ని ప్రయోగశాలల పరీక్షాపద్ధతులలో అడ్డుపడి, టి.ఎస్.హెచ్. ఉన్నదానికన్న తక్కువగాను, థైరాక్సిన్ ఉన్నదానికన్న ఎక్కువగాను చూపును. అప్పుడు మందు చాలకున్నను కాగితము చాలినదనియే చెప్పును. వాడుచున్నచో, పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగా ఆపి, మరల రక్తమిచ్చి చూడవలెను.

మాత్ర వేసికొను తీరును కూడ పరికింపుడు. తెల్లవారి లేచి, మాత్ర నోట వేసికొని, ఆ వెనుకనే స్టీలు గ్లాసెడు కాఫీ త్రాగుట మన ఇండ్లలో నిత్యము జరుగుచున్నదే. కాఫీ ఆ మందును పేగులలో సరిగా ఇంకనీయదు. పరగడుపున మంచినీళ్ళతో మింగి, అరగంట మొదలు గంట వరకు ఆగవలెను. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను.

ఇవి రెండును సరిగా ఉన్నచో, కారణమును అన్యత్ర వెదకుటయే న్యాయము. మొదట హిమోగ్లోబిను, ఒంటిలోని ఇనుము నిల్వను తెలుపు ఫెరిటిన్ పరీక్షలు చేయించుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. నీరసము, జుట్టు రాలుట దానికిని లక్షణములే. పిదప బి12 చూడవలెను. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధియే, అనగా శరీరరక్షణకై ఉన్న కణములే థైరాయిడ్‌ను తినివేయు వ్యాధియే, మీ వంటివారిలో తరచుగా మూలకారణము. ఆ ధోరణి గలవారిలో కొందరికి జీర్ణకోశము కూడ దెబ్బతిని, బి12 ఒంటబట్టదు. రక్తములో చక్కెర, డి విటమిను, నెలసరిలో మార్పులు, నిద్రలో గురక, తెలియకుండ మనస్సును క్రుంగదీయు దిగులు, వీనినన్నిటిని వైద్యునితో దాచక చెప్పవలెను.

మోతాదు మాత్రము మీయంతట మీరు పెంచవలదు. అది మితిమీరినచో గుండె లయ తప్పును, ఎముకలు గుల్లబారును. ఒకవేళ వైద్యుడే మార్చినను ఫలితమును వారములో తేల్చుటకు వీలులేదు. థైరాక్సిన్ రక్తములో సగమగుటకే సుమారు ఏడు దినములు పట్టును గనుక, ఆరు వారముల తరువాతనే పరీక్ష చేయింపవలెను.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏండ్లు. ఏ బాధయు లేదు. సాధారణ పరీక్షలలో టి.ఎస్.హెచ్. 6.1 వచ్చినది, థైరాక్సిన్ సరిగానే ఉన్నది. జీవితాంతము మాత్ర వాడవలెనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వయస్సు మీరినకొలది ఈ అంకె కొంత హెచ్చుట సహజము. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, 65 ఏండ్లు నిండి ఇట్టి స్వల్ప లోపమున్న 737 మందిలో కొందరికి థైరాక్సిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడగా, అలసటలో గాని ఇతర లక్షణములలో గాని భేదము కనబడలేదు. రెండు మూడు నెలల తరువాత, అదే ప్రయోగశాలలో, ఉదయమున మరల పరీక్ష చేయించుడు. అది 10 దాటినచో వైద్యునితో చికిత్స విషయము ఆలోచింపవలెను. దాటనిచో మీ నాన్నగారికి ఇప్పుడు మాత్ర అవసరము లేదు.