పాత బీబీసీ మైక్రోకు కొత్త కార్డు

1984లో కేంద్రం ‘క్లాస్’ పథకం పెట్టి 250 బడులతో కంప్యూటరు చదువు మొదలుపెట్టింది. అప్పుడు వచ్చిన యంత్రమే బీబీసీ మైక్రో. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ 1981లో తెచ్చింది. కీబోర్డు, బోర్డు, పవర్ సప్లై అన్నీ ఒకే పెట్టెలో. ర్యామ్ 32 కేబీ. దాని ముందు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిన మాస్టర్లలో నేనొకణ్ణి. రిటైరై అశ్వారావుపేట వచ్చాక, పాత సామాను కింద అమ్మేస్తుంటే అలాంటిదొకటి కొనుక్కున్నాను. దీనికి మెమరీ కార్డు ఎలా పెట్టాలని అడిగే కుర్రాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. స్విచ్ వేయడం ఆఖరి పని.

ఏళ్ల తరబడి మూలన పడున్న యంత్రాన్ని తెచ్చీ తేగానే ప్లగ్గులో పెట్టకండి. మూత స్క్రూల పక్కన ‘ఫిక్స్’ అని అచ్చు ఉంటుంది, అవి విప్పితే పెట్టె తెరుచుకుంటుంది. పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట పసుపు రంగు కెపాసిటర్లుంటాయి. వెలుతురులో వాలుగా పట్టి చూస్తే పైన వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. వాటిలోంచి లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. అడవి పక్క ఊళ్లో వానాకాలం తేమ సంగతి చెప్పేదేముంది? కరెంటు ఇచ్చిన కాసేపటికి ఘాటైన పొగ కక్కుతాయి. కొత్తవి తప్పకుండా ఎక్స్2 రకమే వేయాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, పది రూపాయలకు ఆశపడి మామూలువి తేవద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. చేయి తిరిగినవాళ్లు పక్కన లేకుండా ఆ డబ్బా జోలికి పోకండి.

2. చిప్ కాళ్లకు తొందర పనికిరాదు.

కార్డు అడాప్టరు యూజర్ పోర్టుకు తగిలిస్తే చాలదు, దాన్ని చదివే రోమ్ చిప్ కూడా బోర్డు మీద వేయాలి. పక్క చిప్‌ల గంటు ఎటుంటే దీనిదీ అటే ఉండాలి. రెండు వైపులా కాళ్లు సాకెట్లో సమంగా కూర్చున్నాయని చూసుకున్నాకే నొక్కాలి.

3. ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గుతుంది.

ఇది చాలామందికి తట్టదు. 40 ట్రాకుల ఫ్లాపీలో ఒక వైపు పట్టేది 100 కేబీ, ఫైళ్లు 31కి మించవు. కార్డులోని ఒక్క ఫైల్లో 511 డిస్కులు ఇముడుతాయి. సంబరమే. కానీ డిస్క్ వ్యవస్థ తన లెక్కలు రాసుకోవడానికి ర్యామ్‌లో 2816 బైట్లు తీసుకుంటుంది. మోడ్ 0లో తెరకే 20 కేబీ పోతుంది. క్యాసెట్టుతో నడిపినప్పుడు ప్రోగ్రాముకు 8704 బైట్లు మిగిలితే, డిస్కు వచ్చాక మిగిలేవి 5888. క్యాసెట్టు మీద చక్కగా నడిచిన ప్రోగ్రాము ‘నో రూమ్’ అని ఆగిపోతే కార్డుదో చిప్‌దో తప్పనుకుని మళ్లీ విప్పకండి. సైడ్‌వేస్ ర్యామ్ అనే అదనపు మెమరీ బోర్డు, దానికి తగిన రోమ్ వేస్తే ఆ జాగా తిరిగొస్తుంది.

4. ఉన్నది దాచాకే కొత్తది తేవాలి.

చివర చెబుతున్నాను గానీ అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. ఆ యంత్రానికి తెలుగు రాదు. మా పిల్లలే నేర్పారు. గళ్ల కాగితం మీద ఎనిమిది వరుసల చుక్కలు పెట్టి, ఒక్కో వరుసను ఒక్కో అంకెగా మార్చి, వీడీయూ 23 ఆజ్ఞలో వేసేవారు. ‘అ’ ఒక గడిలో ఇమడదు, పక్కపక్కన రెండు గళ్లు కావాలి. ఉన్నవే 32 గళ్లు, మన అక్షరాలు యాభైకి పైన. అందుకని ఏ వంపు ఏ అక్షరానికి కలిసొస్తుందోనని గంటల తరబడి వాదించుకునేవారు. ఒకమ్మాయి తన పేరు తెర మీద చూసుకుని, పీరియడ్ అయిపోయినా లేవలేదు.

ఆ అక్షరాలున్న ఫ్లాపీని చెరిపింది నేనే. డ్రైవు పనిచేస్తుందా లేదా అని చూసే ఆత్రంలో చేతికందినదాన్ని ఫార్మాట్ చేశాను. బయటికి తీశాక గాని లేబుల్ చదవలేదు. అది ఇంకెక్కడా లేదు.

మీకు పాత ఫ్లాపీలు దొరికితే ముందు పక్కనున్న గంటు మీద స్టిక్కరు అంటించండి. ఇక దాని మీద ఏదీ రాయడానికి వీలుండదు. కవరు కిటికీలోంచి బూజు మచ్చలు కనిపిస్తే డ్రైవులో పెట్టకండి. డిస్కూ గీసుకుపోతుంది, హెడ్డూ పాడవుతుంది. కవరు అంచు కోసి, డిస్కును తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా తుడిచి, నీడలో ఆరబెట్టి, శుభ్రమైన కవర్లోకి మార్చాక చదివించండి. చదివినంత వరకు వెంటనే కార్డులోకి ఎక్కించండి. రెండో కాపీ ఇంకొకరి ఇంట్లో ఉంచండి.