పల్లవి తిరిగొచ్చినప్పుడు

రాజమండ్రి

చి. చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన షాట్ల జాబితా అందాయి. మెస్ డబ్బులు మిగిల్చి డ్రోన్ అద్దెకు తెస్తున్నావని మీ అమ్మ బెంగపెట్టుకుంది. అది మీరిద్దరూ తేల్చుకోండి, నా బెంగ వేరే. నాలుగు నిమిషాల పాటకు 42 షాట్లు రాశావు. డ్రోన్ ఎక్కడ లేవాలో, గింబల్ ఎటు తిరగాలో, ఎండ ఎవరి వెనక నుంచి పడాలో అన్నీ ఉన్నాయి. పల్లవి మూడుసార్లు వస్తుంది కదా, ఆ మూడు చోట్లా మాత్రం ‘అబ్బాయి పాడుతుంటాడు’ అని రాసి ఊరుకున్నావు. ఊరొదిలి వెళ్లే కుర్రాడి పాట అది. మొదటి పల్లవికి వాడు వెళ్లాలో వద్దో తేల్చుకోలేదు, మూడో పల్లవికి బస్సెక్కేశాడు. రెంటికీ ఒకే బొమ్మ ఎలా సరిపోతుందే తల్లీ?

పాటలో మాటలు వెనక్కి వస్తాయి, కథ మాత్రం ముందుకే పోవాలి. చరణాల సంగతి నాకు పెద్ద బెంగలేదు. అక్కడ మాట కొత్తది, బొమ్మ కాస్త అటూఇటూ అయినా చెల్లిపోతుంది. పల్లవి అలా కాదు. రెండోసారి రాగానే చూసేవాళ్లు దాన్ని గుర్తుపడతారు, గుర్తుపట్టగానే ఇందాక చూసిన బొమ్మతో పోల్చుకుంటారు. ఏదైనా మారి కనిపిస్తే కథ నడిచిందని వాళ్లకే తెలుస్తుంది. ఏమీ మారకపోతే ఫోన్‌లో వేలు పెట్టి ముందుకు జరిపేస్తారు. ‘నాటు నాటు’ను ఈ దృష్టితో ఇంకోసారి చూడు. అందరికీ గుర్తున్నది ఒక్క స్టెప్పే, అది మళ్లీమళ్లీ వస్తుంది. కానీ వచ్చిన ప్రతిసారీ వేసేవాళ్లూ మారతారు, వేసే కారణమూ మారుతుంది. మొదట ఎగతాళి చేసినవాడికి జవాబు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు కలుస్తారు. ఆపైన పంతం, ఒక్కొక్కరే కూలబడటం. చివరికి స్నేహితులిద్దరే మిగిలితే, రామ్ భీమ్ కోసం కావాలనే ఓడిపోతాడు. ఆ ఓటమి లేకపోతే అది హుషారైన డాన్సు, అంతే.

వాళ్లు కీవ్‌లో రాజభవనం ముందు తీశారు, మా దగ్గర ఏముందంటావు. సరే, 1965లో బాబ్ డిలన్ ‘సబ్టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్’కు తీసింది చూడు. లండన్‌లో సావోయ్ హోటల్ వెనక సందు. ఒకే షాట్, కెమెరా కదలదు. పాటలోని మాటలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడి ఒక్కొక్కటే కింద పడేస్తుంటాడు. కొన్ని అట్టల మీద రాసిందీ పాటలో వినిపించేదీ కావాలనే కలవవు. ఆ ఫ్రేములో మారేవి దాదాపు ఆ అట్టలే. అయినా చూపు తిప్పుకోలేం. నీకూ అంతకంటే అక్కర్లేదు. ఊరి చివర బస్ షెల్టర్, అందులో ఒక బల్ల. మొదటి పల్లవికి వాడూ చెల్లీ పక్కపక్కనే, బ్యాగు బల్ల కింద. రెండోసారికి అదే బ్యాగు ఇద్దరి మధ్యకి వచ్చి కూర్చుంది. మూడోసారికి బ్యాగూ లేదు, వాడూ లేడు. గొంతు వాడిదే వినిపిస్తుంటుంది, చెల్లి మాత్రం వాడు కూర్చున్న వైపుకి జరిగింది. కెమెరా ఎత్తూ లెన్సూ మూడుసార్లూ ఒకటే ఉండాలి. ట్రైపాడ్ కాళ్లు ఆనిన చోట సుద్దతో గుర్తు పెట్టుకో. నువ్వు కదిలితే, కదిలింది బ్యాగో కెమెరానో చూసేవాడికి తెలియదు.

మ్యూజిక్ వీడియోకి కథెందుకు, మూడ్ చాలు, బీటుకు కట్ చేస్తే చాలు అని మీ క్లాసులో అంటున్నారని రాశావు. కథంటే ప్లాటు అని నేననడం లేదు. మూడ్ కూడా పెరగాలి, లేదా విరగాలి, ఉన్నచోటే ఉంటే అది వాల్‌పేపర్. బీటు సంగతంటావా, వాల్టర్ మర్చ్ అనే ఎడిటర్ మంచి కట్‌కు మార్కులు వేస్తూ భావానికి 51 శాతం, కథకు 23 శాతం ఇచ్చి, లయకు 10 ఇచ్చాడు. ముందే గీసుకుంటే సహజత్వం పోతుందన్నది ఇంకో మాట. బాపు గారు షాట్లన్నీ ముందు బొమ్మలుగా వేసుకునేవారు. ఆయన సినిమాల్లో ప్రాణం లేదని ఎవరైనా అనగలరా? ఎడిటింగ్‌లో చూసుకుందామనే వాళ్లకు కోల్డ్‌ప్లే ‘ద సైంటిస్ట్’ చూపించు. 2002 నాటిది. లోకమంతా వెనక్కి నడుస్తుంటే గాయకుడి పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కదులుతాయి. అందుకోసం అతను షూటింగ్‌కు ముందే ఆ పాటను తిరగేసి పాడటం నేర్చుకున్నాడు. ఎడిటింగ్ టేబుల్ మీద తట్టే ఆలోచన కాదది.

నువ్వు బాగా గీస్తావు, ఓపికా ఉంది, అందుకే ఇంత విసిగిస్తున్నాను. ఇక లెక్క చూడు. పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా వెలుగు. తిండికీ, చోట్లు మారడానికీ రెండు గంటలు తీసేస్తే మిగిలేవి తొమ్మిది. షాట్‌కు అరగంట చొప్పున రోజుకు 18, నీ రెండు రోజుల షూటింగ్‌కు 36. నీ జాబితాలో ఆరు తీయకుండానే పొద్దు కుంకుతుంది. అలా మిగిలిపోయేవి సాధారణంగా ఆఖరి షాట్లే, అంటే నీ ముగింపే. అదే బల్ల దగ్గర మూడు పల్లవులూ వరసగా తీస్తే కెమెరా పెట్టేది ఒక్కసారే. మొదటి రోజు పొద్దున్నే ఆ పని కానిచ్చేయ్. ఆ తర్వాత ఏది జారిపోయినా నీ చేతిలో ఒక కథ ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే షటర్ 50వ వంతు దగ్గర పెట్టు, లేకపోతే బొమ్మ మినుకుమినుకుమంటుంది. పాట వినిపించడానికి మంచి స్పీకర్ తీసుకెళ్లు, ఫోన్ గొంతు రోడ్డు మీద చాలదు.

డ్రోన్ వద్దని అననులే. మూడు పల్లవులూ మూడు బొమ్మలుగా గీసి పంపు, మధ్యలో మాటలు రాయకు. మీ అత్తకు చూపిస్తాను. కథేమిటో ఆవిడ చెప్పగలిగితే డ్రోన్ అద్దె నేను పంపుతాను, మెస్‌లో మాత్రం కడుపునిండా తిను.

ఆశీస్సులతో,
మీ మామయ్య