ఎంపికలో న్యాయమే జట్టుకు బలం
(1958 నుండి 1971 వరకు భారత క్రికెట్ పునర్నిర్మాణం – ఒక పరిశీలన)

జట్టు ఓడిపోయినప్పుడు సామాన్యంగా వినవచ్చే మాట "అందరినీ మార్చివేయండి" అన్నది. మార్చడం కష్టమైన పని కాదు. ఎవరిని మార్చాలి, ఏ లోటు తీర్చడానికి మార్చాలి, వచ్చినవారికి ఎంత గడువు ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే కష్టం. భారత క్రికెట్ చరిత్రలో ఈ ప్రశ్నలను పట్టించుకోని కాలమూ ఉన్నది, పట్టించుకొన్న కాలమూ ఉన్నది. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఆటగాళ్ళకే గాక, ఎంపిక చేసే అధికారం గల ప్రతివారికీ పనికివచ్చే పాఠం లభిస్తుంది. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

పలుకుబడి – ప్రతిభ

1932లో భారతదేశం లార్డ్స్ మైదానంలో తన మొదటి టెస్టు ఆడింది. ఆ పర్యటనకు నాయకులుగా వెళ్ళినవారు పోర్‌బందర్ మహారాజు. తమ ఆటబలం ఎంతటిదో వారికి తెలుసు. టెస్టు నాటికి తాము తప్పుకొని, నాగపూరులో పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడుగారికి నాయకత్వం విడిచిపెట్టారు. పదవి కంటె ఆట గొప్పదని ఒప్పుకొన్న ఔదార్యమది.

నాలుగేళ్ళకే దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి ఏర్పడింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు మన పొరుగునే ఉన్న విజయనగరం రాజవంశానికి చెందిన మహారాజకుమార్. ‘విజ్జీ’ అన్న పేరుతో ఆయన ప్రసిద్ధులు. క్రికెట్ కోసం ఆయన ధనం ధారపోసిన మాట నిజం. కాని ఆడిన మూడు టెస్టులలో చేసిన పరుగులు మొత్తం 33. జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపివేశారు. జట్టు 2–0తో ఓడి తిరిగివచ్చింది.

ఆ జట్టులో విజయ్ మర్చంట్ అనే యువకుడు ఉన్నాడు. మాంచెస్టరులో ముస్తాక్ అలీతో కలిసి మొదటి వికెట్టుకు 203 పరుగులు చేసిన ఆయన పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. 35 ఏళ్ళ తర్వాత ఎంపిక సంఘం అధ్యక్షుడుగా ఆయన మళ్ళీ మనకు కనిపిస్తారు.

ఐదు టెస్టులు, నలుగురు నాయకులు

స్వాతంత్ర్యం తర్వాత రాజుల పలుకుబడి తగ్గింది. అయినా ఎంపికలో నిలకడ రాలేదు. 1958–59లో వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు ఐదు టెస్టులకు నలుగురు నాయకులు మారారు. ఉమ్రీగర్, హైదరాబాదుకు చెందిన గులాం అహ్మద్, వినూ మన్కడ్, హేమూ అధికారి – వీరే ఆ నలుగురు. కలకత్తా టెస్టులో ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఓడిపోయిన తర్వాత గులాం అహ్మద్ తప్పుకొన్నారు. మద్రాసు టెస్టుకు ముందు జట్టు కూర్పుపై భేదాభిప్రాయం వచ్చి ఉమ్రీగర్ నాయకత్వం వదులుకొన్నారు. సిరీస్ 3–0తో పోయింది. 1959లో మరొక కొత్త నాయకునితో ఇంగ్లండు వెళ్ళి 5–0తో ఓడిపోయాము.

ఆ ఆటగాళ్ళలో శక్తి లేదని ఎవరూ అనలేరు. మంజ్రేకర్ బ్యాటు, సుభాష్ గుప్తే లెగ్‌స్పిన్ ఏ దేశానికీ తీసిపోయినవి కావు. లేనిది భరోసా. రేపు తన స్థానం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆటగాడు జట్టు కోసం ఆడలేడు, తన స్థానం కోసమే ఆడుకొంటాడు. అట్టి పదకొండుమంది ఒకచోట చేరినంతమాత్రాన జట్టు కాబోదు.

ఓడినా విడువని ఓర్పు

1962 మార్చిలో బార్బడోస్‌లో నాయకుడు కంట్రాక్టర్ తలకు బంతి తగిలి ప్రాణాపాయం ఏర్పడింది. 21 ఏళ్ళ మన్సూర్ అలీఖాన్ పటౌడీ నాయకత్వం చేపట్టవలసివచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే కారు ప్రమాదంలో ఒక కంటిచూపు దాదాపు పోగొట్టుకొన్న యువకుడాయన. ఆ సిరీస్ కూడా 5–0తోనే ముగిసింది. అయితే ఈసారి ఓటమి పేరు చెప్పి ఆయనను తొలగించలేదు. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాదు రంజీ జట్టులో జయసింహ నాయకత్వం కింద ఆడారు. దేశానికి నాయకుడు తన రాష్ట్ర జట్టులో మరొకరి ఆజ్ఞకు లోబడి ఆడడం గమనింపదగిన విషయం.

పటౌడీ గుర్తించిన సత్యం ఒక్కటే. మనకు గొప్ప వేగపు బౌలర్లు లేరు, స్పిన్ బౌలర్లు ఉన్నారు. లేనిదాని కోసం వెతకడం మాని ఉన్నదానిని బలపరచాలి. ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్, బేడీ – ఈ నలుగురూ ఆ కాలంలోనే ఎదిగారు. వీరిలో చంద్రశేఖర్ బంతి వేసే చేయి బాల్యంలో పోలియోతో సన్నబడినది. ప్రసన్న కథ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. 1962లో టెస్టు ఆటగాడై కూడా ఇంజనీరింగు చదువు కోసం ఐదేళ్ళు అంతర్జాతీయ క్రికెట్టుకు దూరమయ్యారు. పట్టా పుచ్చుకొని 1967లో తిరిగివచ్చారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనల ఎనిమిది టెస్టులలో 49 వికెట్లు తీశారు. చదువు ఆటకు శత్రువన్న వాదానికి ఇంతకంటె జవాబు అవసరం లేదు.

1967లో ఇంగ్లండులో 3–0, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 4–0. ఫలితాలు మాత్రమే చూచేవారు అప్పుడే జట్టును రద్దు చేసేవారు. అలా చేయలేదు గనుకనే 1968లో న్యూజిలాండ్‌పై 3–1తో విదేశీ గడ్డపై మన మొదటి సిరీస్ విజయం లభించింది.

1971: పాతా కొత్తా కలయిక

తర్వాత ఎంపిక సంఘానికి విజయ్ మర్చంట్ అధ్యక్షులయ్యారు. యువకులకు తలుపులు తెరిచారు. 1969లో కాన్పూరులో విశ్వనాథ్ తన తొలి టెస్టు తొలి ఇన్నింగ్సులో సున్నాకు ఔటై, రెండవ ఇన్నింగ్సులో 137 చేశాడు. మొదటి సున్నాతోనే తీర్పు చెప్పివుంటే ఆ 137 ఎక్కడిది? 1971 ఆరంభంలో ఓట్లు సమానమైనప్పుడు మర్చంట్ తన ఓటుతో పటౌడీ స్థానంలో అజిత్ వాడేకర్‌ను నాయకునిగా నియమించారు. దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి.

వెస్టిండీస్ వెళ్ళిన ఆ జట్టులో ఐదుగురు హైదరాబాదు ఆటగాళ్ళు ఉండడం మనకు గర్వకారణం. జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవిందరాజ్, జయంతీలాల్ వారి పేర్లు. 21 ఏళ్ళ గవాస్కర్ నాలుగు టెస్టులలో 774 పరుగులు చేశాడు. కష్టంమీద చోటు సంపాదించిన సర్దేశాయ్ 642 చేశారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సోబర్స్‌ను, లాయిడ్‌ను వెనువెంటనే పడగొట్టినవాడు చాలాకాలానికి పిలుపు వచ్చిన సలీం దురానీ. కొత్త రక్తం ఒక్కటే గెలిపించలేదు, పాత అనుభవం ఒక్కటే గెలిపించలేదు. వెస్టిండీస్‌పై మన మొదటి టెస్టు విజయం, మొదటి సిరీస్ విజయం ఆ పర్యటనలోనే లభించాయి.

అదే సంవత్సరం ఆగస్టు 24న ఓవల్‌లో ఇంగ్లండును ఓడించాము. జట్టుకు దూరమై తిరిగివచ్చిన చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీశారు. విజయానికి కావలసిన చివరి పరుగులు ఆబిద్ అలీ బ్యాటు నుండి వచ్చాయి. ఆయన ఏ ఒక్క విద్యలోనూ ప్రపంచంలో అగ్రగణ్యుడు కాదు. కొత్త బంతి వేయమంటే వేసేవారు, ముందు బ్యాటింగు చేయమంటే చేసేవారు, ఎక్కడ నిలబెట్టినా పరుగులు ఆపేవారు. ఏ పని అప్పగించినా వెనుకాడని అట్టివాడు ప్రతి జట్టుకూ ఒకడు కావాలి. 2025 మార్చిలో ఆయన పరమపదించారు.

ఈ కథకు మరొక పార్శ్వం కలదు. జయంతీలాల్ గవాస్కర్ గాయపడినందున కింగ్‌స్టన్‌లో ఒక్క టెస్టు ఆడి, ఒక్క ఇన్నింగ్సులో 5 పరుగులు చేసి, మళ్ళీ ఆ అవకాశానికి నోచుకోలేదు. ఎంతటి న్యాయమైన ఎంపికలోనైనా కొందరి ఆశలు మిగిలిపోతాయి. ఆ సంగతి మరువని అధికారికే ఎంపిక చేసే అర్హత ఉన్నదని మేము భావిస్తున్నాము. ఇక, విజయం శాశ్వతం కాదు. 1974లో అదే వాడేకర్ నాయకత్వంలో లార్డ్స్‌లో 42 పరుగులకు ఆలౌటయ్యాము. పునర్నిర్మాణం ఒకసారి చేసి ముగించే పని కాదు.

మనకు పాఠం

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను కూల్చిన సంగతి సోంపేట వాసులకు చెప్పనక్కరలేదు. రైతు ఏమి చేశాడు? నిలిచిన చెట్టును నరకలేదు. కూలినచోట మొక్క నాటి, ఆరేడేళ్ళు నీరు పోయడానికి సిద్ధపడ్డాడు. ఏటా మొక్కను పీకి మరొకటి నాటేవాడికి కాయ దక్కదు. జట్టుకూ ఇదే ధర్మం.

మన కళాశాలలో జట్లను ఎంపిక చేసే సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. ప్రతి మ్యాచిలో ఎవరు ఎంత చేశారో పుస్తకంలో వ్రాయించండి. ఎంపికకు ముందే ఏ స్థానానికి ఎట్టివాడు కావాలో నిర్ణయించుకోండి. తీసుకొన్నవానికి కనీసం మూడు మ్యాచిల గడువివ్వండి. తొలగించినవానిని పిలిచి కారణం ముఖాముఖి చెప్పండి. సిఫారసు ఉత్తరానికి మైదానంలో చోటివ్వకండి. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ అన్న లెక్క గాక పరుగుల లెక్క, వికెట్ల లెక్క చూడండి. పేదయింటి కుర్రవాడు "నాకెవరున్నారు" అని మైదానం బయటే ఆగిపోయిన నాడు, నష్టపోయేది వాడొక్కడే కాదు, కళాశాల కూడా.

విద్యార్థులారా, ఎంపికైన నాడు గర్వపడకండి, కాని నాడు కుంగిపోకండి. తొలి ఇన్నింగ్సు సున్నా తర్వాత రెండవ ఇన్నింగ్సు ఒకటి ఉన్నదని విశ్వనాథ్ చూపాడు. ఆ రెండవ ఇన్నింగ్సు మీకు దక్కేటట్లు చూడడం పెద్దల బాధ్యత. దక్కినప్పుడు నిలబడి ఆడడం మీ బాధ్యత.