తాళంచెవి ఎవరి దగ్గర?

అర్ధవీడు మండలంలో ఒక ఊరు. నల్లమల కొండలకు దగ్గర. ఆ ఊళ్ళో ఒక తల్లి ఉంది. ఆమె పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దింది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. పొదుపు సంఘం పుస్తకంలో సంతకం పెడుతుంది.

ఒకసారి ఆమెకు కడుపు నొప్పి వచ్చింది. పట్నం పోయి పరీక్షలు చేయించుకుంది. “రిపోర్టు మెయిల్‌కు పంపుతాం” అన్నారు ల్యాబు వాళ్ళు.

ఆమెకు మెయిల్ ఉంది. ఫోను కొన్నప్పుడు సెల్ షాపు అబ్బాయి తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ కూడా అతనే పెట్టాడు. అది ఆమెకు తెలియదు. అందుకని షాపుకే పోయింది. అతను మెయిల్ తెరిచాడు. రిపోర్టు చదివాడు. కాగితం మీద తీసి ఇచ్చాడు.

సాయంత్రం బోరింగు దగ్గర పక్కింటామె అడిగింది.

“ఏంది వదినా, గర్భసంచికి ఆపరేషన్ చేపిస్తావంటగా?”

తల్లి గుండె గుభేలుమంది. ఇంట్లో కూడా ఇంకా చెప్పని మాట అది. బిందె నిండకుండానే ఇంటికొచ్చేసింది.

మార్కాపురంలో డిగ్రీ చదివే కూతురు ఆదివారం ఇంటికి వచ్చింది. తల్లి జరిగింది చెప్పి కళ్ళు తుడుచుకుంది.

“మా అమ్మకు చదువు లేదు. ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి. ఇంటి గుట్టు ఊరంతా తెలిసేది. నాకా బాధ వద్దనే చదువు నేర్చుకున్నా. మళ్ళీ అదే అయింది గదమ్మా!”

“మెయిల్ కూడా ఉత్తరమే అమ్మా. దాని పెట్టెకు పాస్‌వర్డే తాళంచెవి. నీ పెట్టె తాళంచెవి షాపులో ఉంది. ముందు తాళం మారుద్దాం” అంది కూతురు.

తాళం మార్చారు

ఇద్దరూ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. మెయిల్ సెట్టింగుల్లో చూశారు. పాస్‌వర్డ్ మరిచిపోతే సాయం చేసే నంబరు షాపు అబ్బాయిది. దాన్ని తీసేసి తల్లి నంబరు పెట్టారు. కొత్త పాస్‌వర్డ్ తల్లే టైపు చేసింది. కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ మెయిల్ ఇంకా ఏ ఏ ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో చూశారు. షాపు కంప్యూటరులో ఉంది. దాన్ని అక్కడ మూయించారు. రెండో తాళం కూడా పెట్టారు. ఇక కొత్త చోట మెయిల్ తెరవాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. తల్లి ఫోనుకు వచ్చే నంబరు కూడా కావాలి.

ఊరికే ఇచ్చేది ఎవరు?

“మెయిల్‌కు డబ్బులు కట్టలేదు గదా. మరి వాళ్ళకు ఎట్లా గిట్టుబాటు?” అని తల్లి అడిగింది.

మంచి ప్రశ్న. ఊరికే వచ్చే సరుకు ఏదైనా ఈ ప్రశ్న వేయాలి.

జీమెయిల్ గూగుల్ కంపెనీది. 2004లో మొదలైంది. 15 జీబీ చోటు ఊరికే ఇస్తుంది. గూగుల్‌కు ఎక్కువ రాబడి ప్రకటనల మీద వస్తుంది. ప్రకటనల కోసం మెయిళ్ళలోని మాటలు చూడడం మానేస్తామని ఆ కంపెనీ 2017లో చెప్పింది. మెయిల్ పెట్టెలో ప్రకటనలు మాత్రం కనిపిస్తాయి.

జోహో మెయిల్ చెన్నై కేంద్రంగా పనిచేసే మన దేశపు కంపెనీది. ఆ కంపెనీ వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మి డబ్బు సంపాదిస్తుంది. మెయిల్‌లో ప్రకటనలు పెట్టం అంటుంది.

ప్రోటాన్ మెయిల్ స్విట్జర్లాండ్ దేశానిది. సెర్న్ అనే పెద్ద పరిశోధన కేంద్రంలో కలిసిన శాస్త్రవేత్తలు 2014లో మొదలుపెట్టారు. కొందరు డబ్బు కట్టి ఎక్కువ చోటు తీసుకుంటారు. ఆ డబ్బుతో మిగతా వాళ్ళకు ఊరికే ఇస్తుంది.

కార్డా? కవరా?

పోస్టుకార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవొచ్చు. అంటించిన కవరు అట్లా కాదు. ప్రోటాన్‌లో దాచిన ఉత్తరం కవరు లాంటిది. అక్షరాలను కలగాపులగం చేసి దాస్తారు. దీన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. లోపలి మాటలు కంపెనీ వాళ్ళు కూడా చదవలేరు.

కానీ రెండు సంగతులు తెలుసుకోవాలి. అవతలి మనిషిది మామూలు మెయిల్ అయితే, అక్కడ ఉన్న ఉత్తరానికి ఈ రక్షణ ఉండదు. ఇక పాస్‌వర్డ్ పోతే ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి. లేకపోతే పాత ఉత్తరాలు మళ్ళీ చదవలేం.

ఇంకో మాట. గుట్టును చెడ్డవాళ్ళూ వాడుకుంటారు. ఒక కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళ మీద అసభ్యమైన మెయిళ్ళు వచ్చాయి. ఆ కేసులో 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, ప్రోటాన్ మెయిల్‌ను మన దేశంలో నిలిపే చర్యలు మొదలుపెట్టమని కేంద్రానికి చెప్పింది. కాబట్టి ఏ మెయిల్ తెరిచే ముందైనా అది ఇక్కడ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

తల్లి ఏం ఎంచుకుంది?

“తాళంచెవి పోతే ఉత్తరాలే పోతాయంటే నాకు భయం” అంది తల్లి. ఫోనులో యాప్‌లు దించుకోవడానికి గూగుల్ ఖాతా కావాలి. అందుకని జీమెయిల్ ఉంచుకుంది. ఆసుపత్రి కాగితాల కోసం వేరేగా జోహోలో తెరుచుకుంది. కూతురు తనకు ప్రోటాన్ ఎంచుకుంది. ఇద్దరి అవసరాలు వేరు. అయినా ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంది.

“ఇంత గుట్టు ఎందుకంటారేమో?” అంది తల్లి.

“అది మన హక్కమ్మా. మనిషి సొంత బతుకు గుట్టు ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట అన్నారు.”

వారం తర్వాత రెండో రిపోర్టు వచ్చింది. తల్లి గడప మీద కూర్చుని తానే తెరిచింది. ఇంగ్లీషు మాటలు అర్థం కాలేదు. ఎవరిని అడగాలో ఆమే నిర్ణయించుకుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ దగ్గరికి బయలుదేరింది.

గుర్తుంచుకోండి

1. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు పెట్టకండి.
2. ఇంట్లో వాళ్ళయినా సరే, మీకు ఇష్టమైతేనే చెప్పండి.
3. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి.
4. షాపులో మెయిల్ తెరిస్తే, పని కాగానే మూయించి రండి.
5. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఆలోచించండి, చెప్పండి

1. మీ మెయిల్ ఎవరు తెరిచారు? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?
2. పోస్టుకార్డుకూ కవరుకూ తేడా ఏమిటి?
3. తల్లి చోట మీరుంటే ఏ మెయిల్ ఎంచుకుంటారు? ఎందుకు?