జ్ఞానమును వెదకుట – వ్యాధిని ఎదుర్కొనుట

గిబియోనులో ఒక రాత్రి దేవుడు సొలొమోనునకు స్వప్నమందు ప్రత్యక్షమై, నీకేమి కావలెనో అడుగుమని సెలవిచ్చెను. ఆ పడుచు రాజు దీర్ఘాయువు నడుగలేదు, ఐశ్వర్యము నడుగలేదు, శత్రువుల ప్రాణము నడుగలేదు. మేలుకీడులను వివేచించి ప్రజలకు న్యాయము తీర్చగల హృదయమును మాత్రమే యడిగెను. ఈ కథను మన విద్యార్థులందరు చిన్న తరగతులలోనే చదివియున్నారు. అయినను మన యింట నొకరికి గొప్ప వ్యాధి వచ్చినపుడు మనము మొదట నడుగునది ఆయుష్షే గాని జ్ఞానము కాదు. అట్లడుగుట తప్పు కాదు. జీవము దేవుని వరమే. కాని ఆయుష్షుతో కూడ జ్ఞానమును అడుగుట మన ప్రాంతమువారికి ఎంత యగత్యమో ఈ పాఠములో విచారింతము.

1. మన యెదుటనున్న వ్యాధి

నిమ్మాడ కూడలినుండి జాతీయ రహదారి వెంట ఈశాన్యముగా పోయినయెడల టెక్కలియు, దానిని దాటిన పిమ్మట పలాసయు వచ్చును. అచ్చటనుండి సముద్రపు టొడ్డున వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము వరకు వ్యాపించిన పచ్చని నేలయే ఉద్దానము. ఉద్యానమను మాటనుండియే ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస చెట్లతో నిండిన ఆ నేలను 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను కూలద్రోసెను. ఆ నాటి గాలిమ్రోత మనలో ననేకులు మరువలేదు.

తుపాను గొప్ప చప్పుడుతో వచ్చి పోవును. అయితే అనేక సంవత్సరములుగా ఉద్దానమును పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి చప్పుడు లేక వచ్చును. మూత్రపిండములు నడుమునకు కొంచెము పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల నుండు పిడికెడంత అవయవములు. ఒక్కొక్క దానిలో రక్తమును వడకట్టు సూక్ష్మమైన జల్లెడలు సుమారు 10 లక్షలు గలవు. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, శరీరమునకు కావలసినదానిని మరల రక్తములోనికి పంపి, ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రముగా విసర్జించును. ఇట్టి యంత్రమును ఏ శిల్పి చేయగలడు? సృష్టికర్తను కొనియాడుటకు ఈ రెండు చిన్న అవయవములే చాలును.

ఈ జల్లెడలు క్రమక్రమముగా చెడిపోవుచున్నను మనుష్యునికి చాలకాలము నొప్పి తెలియదు. పనిపాటలు చేసికొనుచునే యుండును. కాళ్ల వాపు, ఆకలి లేమి, వాంతి, ఆయాసము కనబడునప్పటికి మూత్రపిండముల బలము చాలవరకు పోయియుండును. సాధారణముగా ఈ రోగము మధుమేహముచేతను అధిక రక్తపోటుచేతను వచ్చును. ఉద్దానములోనైతే ఆ రెండును లేని రైతులకు, కూలీలకు కూడ వచ్చుచున్నది. శ్రీలంక ఉత్తరమధ్య రాష్ట్రమునందలి వరిరైతులలోను, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, నికరాగువా దేశముల చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధియే యున్నది. త్రాగునీటిలోని పదార్థములు, ఎండలో చెమటోడ్చి తగినంత నీరు త్రాగకుండుట, పురుగుమందులు, నొప్పి మాత్రల విచ్చలవిడి వాడుక, వంశపారంపర్యము – వీనినన్నిటిని శాస్త్రజ్ఞులు పరీక్షించుచున్నారు గాని, ఇదియే కారణమని ఒక్కదానిని నిశ్చయముగా చూపలేదు.

2. మేము నేర్చుకొనిన పాఠము

ఇచ్చట మా తప్పిద మొకటి ఒప్పుకొనవలసియున్నది. ఒకప్పుడు మా తరగతిలోని యొక బాలుడు వారమునకు రెండు మూడు దినములు బడికి రాకుండెను. వచ్చిన దినమున నిద్రకు తూలుచుండెను. మేము వానిని సోమరియని తలంచి అందరియెదుట నిలువబెట్టి గద్దించితిమి. వాడు తలవంచుకొనెనే గాని బదులు పలుకలేదు. కొన్ని వారముల తరువాత, వాని తండ్రికి మూత్రపిండములు చెడినవనియు, రక్తశుద్ధికై ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నవాడు ఈ బాలుడేయనియు తెలిసెను. వానిని ఒంటరిగా పిలిచి, “బాబూ, మాతో ఎందుకు చెప్పలేదు?” అని యడిగితిమి. “ఎవరికీ చెప్పొద్దని మా అయ్య అన్నాడండీ, మేష్టారూ. తెలిస్తే అప్పకి సంబంధాలు రావంట” అని వాడు కన్నీళ్లు తుడుచుకొనెను.

ఆ దినమున మేమే విద్యార్థులమైతిమి. ఆ బాలుడే ఉపాధ్యాయుడాయెను. విచారింపక తీర్పు తీర్చుట జ్ఞానము కాదని మేము పిల్లలకు బోధించుచునే, దానిని మరచితిమి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా ఆయనయొద్ద కూర్చుండినంతవరకు మంచి స్నేహితులుగనే యుండిరి. నోరు తెరచి, నీ పాపమే దీనికి కారణమని వాదింప నారంభించినప్పుడే తప్పిరి. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపముచేత వీడిట్లు పుట్టెనని శిష్యులడిగినపుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. అట్లయిన, వ్యాధిగ్రస్తుని యింటిని చూచి వేలు చూపుటకు మనమెవరము? సంబంధము మానుకొనుటకు మనమెవరము?

3. ఇద్దరు రాజులు

వ్యాధిని ఎదుర్కొనిన యూదా రాజు లిద్దరిని గూర్చి గ్రంథము చెప్పుచున్నది. ఆసా రాజు తన యేలుబడి 39వ యేట పాదములలో బలమైన రోగమును పొందెను. అప్పుడును దేవునియొద్ద విచారింపక వైద్యులను మాత్రమే ఆశ్రయించెను. దీనిని చదివి, వైద్యునియొద్దకు పోవుటయే పాపమని కొందరు తలంచుదురు. కాని ఆసాయొక్క దోషము వైద్యులను పిలుచుట కాదు. అంతకుముందే తనను హెచ్చరించిన దీర్ఘదర్శిని చెరలో వేయించి, దేవుని మాట వినుట మానివేసిన గర్వమే ఆయన దోషము.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీరు విడిచి ప్రార్థించెను. దేవుడు ఆలకించి ఆయన ఆయుష్షునకు 15 సంవత్సరములు కూర్చెను. అయితే ఆ వాగ్దానమును తెచ్చిన యెషయా ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయుమని చెప్పెను. ప్రార్థన వినబడెను గనుక మందు వలదని ప్రవక్త చెప్పలేదు. మందున్నది గనుక ప్రార్థన వలదని రాజును తలంపలేదు. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడే. యాకోబు తన పత్రికారంభమున, శోధనలను గూర్చి చెప్పిన వెంటనే, జ్ఞానము కొదువైనవాడు దేవుని నడుగవలెనని బోధించి, అదే పత్రిక చివర రోగి సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెనని వ్రాసెను.

మన జిల్లాలోనే దీనికి సాక్ష్యము గలదు. కెనడియన్ బాప్టిస్టు మిషనువారి సోంపేట ఆరోగ్యవరము ఆసుపత్రిలో డాక్టరు బెన్ గలిసన్ దొరగారు పేదల కన్నులకు శస్త్రచికిత్స చేయుచుండిరి. ఆయన మాట విని ప్రేరేపింపబడిన కాల్గరీ పట్టణపు వర్తకుడు ఆర్ట్ జెంకిన్స్ 1963వ సంవత్సరములో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను ఆరంభించెను. ప్రార్థించు చేతులును కత్తి పట్టిన చేతులును ఒక్కటియే కావచ్చునని ఆ గృహము మనకు బోధించుచున్నది.

4. జ్ఞానము చేయు పనులు

మొదటిది, జ్ఞానము వెలుగునకు భయపడదు. ఒక చిన్న రక్తపరీక్షచే క్రియాటినిన్ ఎంతయున్నదో తెలిసికొని మూత్రపిండముల స్థితిని అంచనా వేయవచ్చును. పరీక్ష చేయించుకొననంత మాత్రమున రోగము లేకపోదు. ముందుగా తెలిసినచో ఆహారము, నీరు, రక్తపోటు, మందులు సరిచూచుకొని, చెడుటను నెమ్మది చేయు మార్గము లుండును.

రెండవది, జ్ఞానము తన యిష్టముకొలది మందు మ్రింగదు. పొలమునుండి వచ్చి ఒళ్లు నొప్పులని దుకాణములో బిళ్ల కొని దినదినము వేసికొనుట మన పల్లెల వాడుక. అట్టి నొప్పి మాత్రలలో ననేకము మూత్రపిండములకు హాని చేయును. మూలము తెలియని పసరులును భస్మములును అట్లే. శాస్త్రజ్ఞులు ఇంకను వెదకుచుండగా, నాకు సమస్తము తెలియునని సొమ్ము తీసికొనువానిని నమ్మకుడి.

మూడవది, జ్ఞానము మేలైన వస్తువునకును హద్దు కనిపెట్టును. ఉద్దానపు కొబ్బరినీరు ఆరోగ్యవంతునికి అమృతమే. కాని అందు పొటాషియము అధికము. చెడిన మూత్రపిండములు దానిని విసర్జింపలేవు; అది రక్తములో పెరిగినచో గుండెకే అపాయము. కాబట్టి తోట నిండ బోండములున్నను ఆ రోగి వైద్యుని సెలవు లేక త్రాగరాదు. ఎండలో పనిచేయు ఆరోగ్యవంతుడు దాహము తీర నీరు త్రాగవలెను; రక్తశుద్ధి చేయించుకొనువాడు వైద్యుడు చెప్పిన కొలతకు మించరాదు. ఒకనికి మేలైనది మరియొకనికి కీడగును. ఈ భేదము నెరుగుటయే వివేచన.

నాలుగవది, జ్ఞానము దొరకిన సహాయమును త్రోసివేయదు. పలాసలో 200 పడకల మూత్రపిండముల పరిశోధనాలయమును ఆసుపత్రియు 2023వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ప్రారంభింపబడెను. వంశధార నీటిని హిరమండలమునుండి ఉద్దానపు పల్లెలకు చేర్చు గొట్టపు మార్గమును ఆ దినముననే ప్రారంభించిరి. డయాలిసిస్ అను రక్తశుద్ధి సాధారణముగా వారమునకు మూడుసార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు జరుగును. అది రోగమును పోగొట్టదు గాని, చెడిన అవయవముల పనిలో కొంత చేసి ప్రాణమును నిలుపును.

5. స్వస్థత రానియెడల

ప్రార్థించితిమి, మందు వాడితిమి, అయినను రోగము పోలేదు. అప్పుడేమి? పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, కృప యీయబడెను. అదే పౌలు త్రోఫిమును రోగియైనందున మిలేతులో విడిచి రావలసివచ్చెను. కాబట్టి స్వస్థత రానివాడు విశ్వాసము లేనివాడని చెప్పువాడు అపొస్తలుని మీదనే నేరము మోపుచున్నాడు.

మేము చెప్పిన బాలుని తండ్రి తరువాత కొంతకాలమే జీవించెను. ఆ దినములలో ఆయన ఇక దాచలేదు. సంఘమువారికి చెప్పెను, తన అన్నదమ్ములను పరీక్షకు పంపెను, అప్పులేవో ఆస్తి యేదో కుమార్తెకు, కుమారునికి వివరించెను. సంఘములోని పడుచువారు వంతులు వేసికొని ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోయిరి. బాలుడు బడికి వచ్చెను. ఆయన అడిగిన ఆయుష్షు కొంచెమే దొరకెను. అడిగిన జ్ఞానము సమృద్ధిగా దొరకెను. అది ఆయనతో సమాధిచేయబడక ఆ యింటిలో నిలిచియున్నది.

ప్రియ బాలబాలికలారా, మీ తరగతిలో నిద్రకు తూలు స్నేహితుడు ఉన్నయెడల నవ్వకముందు అడుగుడి. తలిదండ్రులారా, మీ పిల్లలు నమ్ముకొనినది మీ ప్రాణమును. పరీక్షను రేపటికి వాయిదా వేయకుడి. మీలో ఒకరు వైద్యులై, ఇంకను తెలియని ఆ కారణమును కనుగొనవలెనని మా ప్రార్థన.

అభ్యాస ప్రశ్నలు

1. ఆసా రాజుయొక్క దోషమేమి? వైద్యుల నాశ్రయించుటయేనా?
2. హిజ్కియా కథలో ప్రార్థనయు ఔషధమును ఎట్లు కలిసియున్నవి?
3. కొబ్బరినీరు ఎవరికి మేలు? ఎవరికి కీడు? ఎందుచేత?
4. మీ వీధిలో వ్యాధిగ్రస్తుని యింటికి ఈ వారము మీరు చేయగల సహాయమేది? వ్రాయుటయే గాక చేసి రండు.