దాల్చినచెక్క

పులావు వండిన నాడు మన వంటయిండ్లలో దాల్చినచెక్క లేక పని జరుగదు. దీనినే కొందఱు లవంగపట్ట యందురు. ఈ రెండు పేళ్లును మనలను కొంత పెడదారి పట్టించునవే. లవంగము వేఱొక చెట్టు మొగ్గ. ఇక ‘దాల్చిన’ యను మాట పారసీక భాషలోని ‘దార్ చీనీ’ నుండి వచ్చినది. చీనా మ్రాను అని దాని యర్థము. చీనాదేశమున అటువంటి చెక్క యొకటి లేకపోలేదు. కాని ఏ చెక్కకై ఐరోపావారు ఓడలపై వచ్చి కోటలు కట్టిరో, అది మన పొరుగున నున్న సింహళమునది, అనగా నేటి శ్రీలంకది. అక్కడివారు ఆ చెట్టును ‘కురుందు’ అని పిలుతురు.

సరకు పుట్టు చోటు కొనువారికి తెలియకున్నచో అమ్మువారికి లాభము మెండు. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున హెరొడోటసు అను గ్రీకు చరిత్రకారుడు ఈ చెక్కను గూర్చి ఒక కథ వ్రాసెను. అరబ్బుదేశమున గొప్ప పక్షులు కొన్ని ఈ పుల్లలను ఎక్కడినుండియో తెచ్చి, మనుష్యులు ఎక్కలేని కొండచఱియలపై గూళ్లు కట్టుకొనునట. జనులు పెద్ద పెద్ద మాంసఖండములను క్రింద వేసి దూరముగా పోవుదురట. పక్షులు వానిని గూళ్లకు మోసికొనిపోగా, ఆ బరువునకు గూళ్లు విఱిగి పడునట. అప్పుడు జనులు పుల్లలను ఏఱుకొందురట! ఐదు శతాబ్దముల తరువాత రోమునగరపు పండితుడు ప్లినీ, ఇట్టివన్నియు వెల పెంచుటకై కల్పించిన కథలని త్రోసివేసెను.

నిజమైన చెట్టు ఆ కథకు ఏమియు తీసిపోదు. అది కర్పూరవృక్షమునకును, మన ఆకుపత్రి చెట్టునకును దాయాది. ఏడాది పొడవున పచ్చగా నుండును. ఆకునందు మొదటినుండి కొనవఱకు మూడు ఈనెలు స్పష్టముగా కనబడును. లేతచిగురు ఎఱ్ఱగా నుండి, ముదిరినకొలది పచ్చబడును. పూవులు చిన్నవి, వాని వాసన యింపైనది కాదు. ఒక్క చెట్టులోనే మూడు విధములైన తైలములు కలవు. పట్టలోని తైలమున సినమాల్డిహైడును, ఆకులలోని దానియందు యూజినాలును, వేళ్లపట్టలో కర్పూరమును ముఖ్యములు. యూజినాలు లవంగమునకు ఘాటు నిచ్చు పదార్థమే. లవంగపట్ట యని పేరు పెట్టినవారు ఈ చెట్టు ఆకును నలిపి చూచిరేమో!

స్వేచ్ఛగా పెరిగినచో ఈ చెట్టు 10 నుండి 15 మీటర్ల యెత్తగును. తోటలలో దాని నట్లు పెరుగనీయరు. రెండు మూడేండ్ల మొక్కను నేలకు దగ్గరగా నఱకుదురు. ఆ మోడునుండి పెక్కు కొమ్మలు నిటారుగా లేచును. అవి బొటనవ్రేలి లావు పెరిగిన పిమ్మట, వానలు పడి చిగురు ఎఱుపు మాఱి పచ్చబడు సమయమున కోయుదురు. అప్పుడు పట్ట కొమ్మను సులభముగా వదలును.

ఇక ఒలుచువాని నేర్పు చూడదగినది. అతడు నేలపై కూర్చుండి, కొమ్మమీది గరుకుపొరను వంకరకత్తితో గీకివేయును. పిదప ఇత్తడి కడ్డీతో కొమ్మ నంతటిని గట్టిగా రుద్దును. ఆ రాపిడికి లోపట్ట కఱ్ఱనుండి విడివడును. అంతట కత్తితో రెండు ప్రక్కల నిలువుగా గీచి, చినుగకుండ పట్టను ఊడదీయును. మంచి పట్టలను ఒకదానిలో నొకటి చొప్పించి, చిన్నముక్కలను లోపల నింపి, రెండు మూరలు దాటిన గొట్టముగా కూర్చును. ఆ గొట్టములను ఎండలో గాక, కప్పు క్రింద కట్టిన త్రాళ్లపై నీడను ఆరబెట్టుదురు. ఆరినకొలది పట్ట తనంత తానే లోనికి చుట్టుకొనును. గొట్టము సన్ననైనకొలది వెల యెక్కువ. అన్నిటికంటె సన్నని రకమునకు ‘ఆల్బా’ యని పేరు. ఈ విద్య పుస్తకము చదివిన వచ్చునది కాదు. ఏండ్లతరబడి చేయి తిరుగవలెను.

ఇంతటి నేర్పుగలవారు సుఖముగా బ్రతికిరా? సింహళమున ఈ పని సలాగమ యను కులమువారిది. 1505లో పోర్చుగీసువారు ఆ ద్వీపమునకు వచ్చిరి. 1658లో డచ్చివారు వారిని వెడలగొట్టి తీరప్రాంతములను వశపఱచుకొనిరి. తమ యనుమతి లేక చెట్టును పాడుచేసినను, చెక్కను అమ్మినను మరణదండన విధింపవచ్చునని శాసించిరి. ఒలుచువారి పేళ్లను పట్టీలలో నెక్కించి, ఒక్కొక్కరు ఏటేట ఇంత చెక్క తెచ్చి యీయవలెనని నియమించిరి. పండ్రెండేండ్ల బాలురకు సయితము, అనగా మీకంటె చిన్నవారికి గూడ, ఈ వెట్టి తప్పలేదు. అప్పటికి చెట్లు తోటలలో లేవు. ఇల్లు విడిచి అడవులలో తిరుగవలసియుండెను. తమ బిడ్డలను వేఱు కులమువారిగా వ్రాయించి, ఈ పాటునుండి తప్పింపజూచిన తల్లిదండ్రులును కలరు. ఇట్లు తెచ్చిన చెక్క ఐరోపా చేరిన పిదప ఏమయ్యెను? 1760లో ఆంస్టర్డాము నగరమున, వెల తగ్గకుండుటకై, మిగిలిన చెక్కను రాసులుగా పోసి కాల్చివేసిరి! ఇంచుమించు ఆ కాలముననే సింహళమున ఒలుచువారు తిరుగబడిరి.

అడవిచెట్టు పట్టకే గుణముండునను నమ్మకము అంతవఱకు బలముగా నుండెడిది. 1765 నుండి 1785 వఱకు గవర్నరుగా నుండిన ఫాల్కు కాలమున కొలంబోలో తోటలు వేసి, ఆ నమ్మకము నిజము కాదని తేల్చిరి. ఆ చోటు నేడు మేడలతో నిండియున్నను ‘కురుందువత్త’, అనగా దాల్చినతోట, యను పేరు నిలిచియున్నది. 1796లో ఆంగ్లేయులు ఆ తీరమును గైకొనిరి. వారి కాలముననే 1832లో వెట్టిసేవయు, 1833లో చెక్కపై సర్కారువారి గుత్తయు తొలగినవి.

మన అంగళ్లలో దొరకు చెక్కలో చాలభాగము చీనాజాతిది, లేక దాని దాయాదులది. అది దళసరిగా, గట్టిగా, ఒకే పొరగా నుండును. సింహళపు చెక్క పొగాకుచుట్టవలె పెక్కు పలుచని పొరలు కలిగి, చేతితో నలిపినను చిట్లును. ఇంటనున్న డబ్బా తెఱచి చూచినచో మీరే గుర్తింపగలరు. చీనా చెక్కలో కౌమరిన్ అను పదార్థము ఎక్కువ. ప్రతిదినము మితిమీరి తినినచో అది కాలేయమునకు కీడు చేయును. ఎప్పుడో కూరలో వేయు చిన్నముక్కకు భయపడ నక్కఱలేదు.

2022లో ఐరోపా సమాఖ్య ‘సిలోను దాల్చినచెక్క’ యను పేరు శ్రీలంక సరకునకే చెల్లునని గుర్తించెను. అయినను ఒలుచువారు దొరకుట అక్కడ నానాటికి కష్టమగుచున్నది. దినమంతయు నేలపై కూర్చుండి కడ్డీతో రుద్దు ఈ పనికి యువకులు ముందునకు వచ్చుట తగ్గినది. కోతకు సిద్ధమైన కొమ్మలున్నను, ఒలుచు చేతులు చాలక నిలిచిపోవు తోటలు కలవు.